పదో తరగతి రాసింది 13 మంది, ఆరులో చేరింది 31 మంది: జ్ఞాపకాల సంచిక ఎవరిది కావాలి?

ప్రశ్న అడిగినవారు: పలకల సీమ

సభ్యులందరికీ నమస్కారం. నేను అప్పటి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలో, మార్కాపురానికి దగ్గరలోని ఒక పల్లెలో చదువుకున్నాను. అక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల నుంచి 1992 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసినవాళ్లం మొత్తం 13 మందిమి. అబ్బాయిలం ఎనిమిది మంది, అమ్మాయిలు ఐదుగురు. వచ్చే వేసవిలో అందరం ఊళ్లో కలుసుకోవాలని, ఆ సందర్భంగా మా బడి సంవత్సరాల గురించి ఒక చిన్న సంచిక అచ్చు వేయించాలని అనుకున్నాం. రాసే బాధ్యత నాకు అప్పగించారు.

తరగతి అంత చిన్నదైతే చదువు ఎలా ఉంటుందో ముందు చెబుతాను. మాకు వెనక బెంచీ లేదు. లెక్కల మాస్టారు ప్రతిరోజూ 13 నోటుపుస్తకాలూ చూసేవారు కాబట్టి, ఇంటి లెక్క చేయకుండా వచ్చి తప్పించుకున్నవాడు మాలో ఒక్కడూ లేడు. తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు పోస్టు చాలాకాలం ఖాళీగా ఉంటే, సోషల్ మాస్టారే డిక్షనరీ దగ్గర పెట్టుకుని పాఠం చెప్పారు. మండల స్థాయి ఆటల పోటీలకు కబడ్డీ జట్టు పంపాలంటే ఏడుగురు కావాలి. ఉన్నదే ఎనిమిది మందిమి కాబట్టి ఆట వచ్చినవాడా, రానివాడా అని చూసే వీలు లేక అందరినీ తీసుకుపోయేవారు. ఆ రోజుల్లో ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం లేదు. పక్క పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్లు సద్ది గిన్నెలు వేపచెట్టు కింద విప్పితే, ఊళ్లోవాళ్లం కూడా ఇంటికి పోకుండా అక్కడే తినేవాళ్లం.

నన్ను వేధిస్తున్న విషయం వేరే ఉంది. 1987 జూన్‌లో ఆరో తరగతిలో చేరినప్పుడు మేము 31 మందిమి. ఐదేళ్లలో 18 మంది ఒక్కొక్కరుగా ఆగిపోయారు. కొందరు అమ్మాయిలకు పెళ్లిళ్లు చేశారు. కొందరు పశువుల వెంట, చేల వెంట వెళ్లారు. కొందరిని మార్కాపురం పలకల షెడ్లకు పంపారు. దేశంలో చాలా చోట్ల పిల్లలు అక్షరాలు దిద్దిన రాతి పలకలు మా ప్రాంతం నుంచే వెళ్లేవి. రాయిని పలచగా చీల్చడం, కోయడం, నునుపు పట్టడం, గీతలు వేయడం, కొయ్య చట్రం బిగించడం వంటి పనుల్లో పిల్లల చేతులు చాలా ఉండేవి.

ఒక రోజు నాకు బాగా గుర్తుంది. ఎనిమిదో తరగతిలో సోషల్ మాస్టారు శిలల పాఠం చెబుతూ, అవక్షేప శిల భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ మారి పలకరాయి అవుతుందని బోర్డు మీద రాశారు. అప్పుడు 18వ నంబరు అబ్బాయి లేచి, తన దగ్గర ఆ రాయి ఉందని చెప్పి సంచిలోంచి అరచేతి మందం ముక్క ఒకటి తీశాడు. వాడు అప్పటికే ఆదివారాలు షెడ్డుకు వెళుతున్నాడని ఆ రోజే మాకు తెలిసింది. మాస్టారి బల్ల మీద రాయిని అంచు మీద నిలబెట్టి, వేలి గోటితో పొర ఎక్కడుందో తడిమి చూసి, కంపాస్ పెట్టెలోని ఇనుప వృత్తలేఖిని మొనను అక్కడ ఆనించి, డస్టరుతో మెల్లగా రెండు దెబ్బలు వేశాడు. రాయి పుస్తకం తెరుచుకున్నట్టు రెండు రేకులుగా విడిపోయింది. లోపలి వైపు తడి ఆరని నేలలా నల్లగా మెరిసింది. మాస్టారు ఆ రెండు రేకులనూ తరగతి అంతా తిప్పి చూపించారు.

మరుసటి ఏడు సంక్రాంతి సెలవుల తర్వాత ఆ అబ్బాయి బడికి రాలేదు. హాజరు పిలిచేటప్పుడు మాస్టారు 17 అని, ఒక్క క్షణం ఆగి, 19 అనేవారు. సంవత్సరం మధ్యలో నంబర్లు మార్చరు కాబట్టి ఏప్రిల్ దాకా ఆ ఖాళీ అలాగే వినిపించేది.

మా వాళ్లలో కొందరు, బ్యాచ్ అంటే పదో తరగతి రాసినవాళ్లే కదా, ఎప్పుడో ఆగిపోయినవాళ్లను ఇప్పుడు కదిలిస్తే వాళ్లే నొచ్చుకుంటారు అంటున్నారు. నా మనసు ఒప్పుకోవడం లేదు. సంచికలో 31 మందీ ఉండాలా, 13 మందేనా? ఉంటే వాళ్ల గురించి ఎలా రాయాలి? పేర్లు కూడా మాకు 24 మాత్రమే గుర్తున్నాయి. మిగిలినవి తెలుసుకునే దారి ఏమిటి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పల్నాడు

పేర్ల విషయం సులభంగానే తేలుతుంది. ప్రతి ఉన్నత పాఠశాలలోనూ అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు. హాజరు పట్టీలు పోయినా అది ఉంటుంది. ప్రస్తుత ప్రధానోపాధ్యాయులకు మీరంతా సంతకాలు చేసి ఒక అర్జీ ఇచ్చి, 1987 జూన్, జులై నెలల్లో ఆరో తరగతిలో చేరినవారి పేర్ల వరకు చూపించమని కోరండి. ఆ రిజిస్టరులో కులం, పుట్టిన తేదీ, తండ్రి వృత్తి వంటి గడులు ఉంటాయి. వాటిని రాసుకోవద్దు, ఫోటోలు తీయవద్దు, అచ్చులో అసలే రానివ్వవద్దు. పుట్టిన తేదీలను నమ్మవద్దని కూడా చెబుతాను. చాలా పల్లెల్లో ఒకటో తరగతిలో వేసేటప్పుడు తల్లిదండ్రులకు తేదీ తెలియక, ఐదేళ్లు నిండినట్టు లెక్క కుదిరేలా జూన్‌లోనో జులైలోనో ఒక తేదీని అయ్యవారే వేసేవారు. మీ 13 మందిలోనూ జులై 1న పుట్టినవారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారని నా అంచనా.

రిజిస్టరు తెరిచాక మీకు ఇంకొకటి కనిపిస్తుంది. పది పూర్తి చేసిన పిల్లవాడి వరుసలో బడి విడిచిన తేదీ, టీసీ నంబరు, విడిచిన కారణం అన్నీ నిండి ఉంటాయి. మధ్యలో ఆగిపోయిన పిల్లల్లో చాలామందికి ఆ గడులు ఖాళీగా ఉంటాయి, ఎందుకంటే అడిగితేనే టీసీ ఇస్తాం, వాళ్ల కోసం ఎవరూ అడగడానికి రారు. నేను 31 ఏళ్లు ఉద్యోగం చేశాను. వరుసగా చాలా రోజులు రాని పిల్లల పేర్ల మీద హాజరు పట్టీలో ఎర్ర సిరాతో గీత గీసిన చేతులు నావి కూడా. కొన్ని ఇళ్లకు వెళ్లి అడిగాను, కొన్ని ఇళ్లకు వెళ్లలేదు. వెళ్లని ఇళ్లే ఇప్పుడు గుర్తుకు వస్తున్నాయి. అందుచేత మీ సంచికలో 31 పేర్లూ ఉండాలనే నేను కోరుకుంటాను. రిజిస్టరులో ఆ గడులు ఎలాగూ నిండలేదు, కనీసం సహాధ్యాయుల పుస్తకంలోనైనా వాళ్లకు ఒక వరుస ఉండనివ్వండి.

సమాధానం 2: తొమ్మిది మందిలో ఒకరు, శ్రీకాకుళం జిల్లా

మాస్టారు గారి మాటను గౌరవిస్తూనే నేను కొంత వేరుగా చెబుతాను. మాది ఇంకా చిన్న తరగతి. 1998లో తొమ్మిది మందిమి పది రాశాం. చిన్న తరగతి కలిసి అనుభవించిన చివరి రెండేళ్లకు ప్రత్యేకమైన విలువ ఉంది, దాన్ని పలచన చేయకూడదని నా అభిప్రాయం.

మా పరీక్షా కేంద్రం వేరే ఊళ్లో పడింది. రోజూ తిరగడానికి బస్సులు కుదరవని మా లెక్కల మాస్టారు ఆ ఊళ్లో ఒక పెంకుటింట్లో రెండు గదులు అద్దెకు మాట్లాడారు. ఒక గదిలో అబ్బాయిలం, ఒక గదిలో అమ్మాయిలు, అమ్మాయిలకు తోడుగా ఒకరి తల్లి. పరీక్షలు ముగిసేదాకా వంటంతా ఆమె చేతి మీదుగానే సాగింది. తెల్లవారుజామున నాలుగింటికి మాస్టారు లాంతరు పట్టుకుని వచ్చి తలుపు తట్టేవారు. బిట్లు ఒకరు అడిగితే ఎనిమిది మంది చెప్పాలి. హిందీలో 20 మార్కులు వస్తే చాలు గట్టెక్కుతామని ఒకడు ధైర్యంగా ఉంటే, వాడి పక్కన కూర్చుని ఉత్తరం రాయడం నేర్పించడం మా అందరికీ పని అయింది. అడిషనల్ షీట్లు కట్టడానికి దారాలు కూడా ఒకే ఉండ నుంచి కొలిచి తెంపుకున్నాం. ఫలితాలు పత్రికలో వచ్చినప్పుడు మా హాల్‌టికెట్ నంబర్లు వరుసగా ఉండటం వల్ల తొమ్మిదీ ఒకే చోట వెతుక్కున్నాం. ఏడు కనిపించాయి. రెండు నంబర్లు లేవు. ఆ పత్రికను మాలో ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. కిళ్లీ కొట్టులోనే వదిలేసి, ఆ ఇద్దరి ఇళ్లకూ కలిసి వెళ్లాం.

ఇవన్నీ ఆ తొమ్మిది మందికే తెలిసిన విషయాలు. ఆరో తరగతిలో ఆరు నెలలు ఉండి వెళ్లినవారి పేరును అదే పేజీలో పెడితే వారికీ ఆ పేజీ పరాయిదిగానే తోస్తుంది. కావాలంటే పేర్లు ఒక పట్టికగా వేయండి. కథనం మాత్రం కలిసి నడిచినవారిదే కానివ్వండి.

సమాధానం 3: హనుమకొండ నుంచి

శ్రీకాకుళం మిత్రులు చెప్పిన పరీక్షల రోజులు చదువుతుంటే మావే చదువుతున్నట్టు ఉంది. అయితే పట్టిక వేసి ఊరుకోవడం గురించి మా అనుభవం ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల క్రితం మా 16 మంది బ్యాచ్ ఒక సంచిక వేసింది. చివరి పేజీలో ‘మధ్యలో చదువు మానేసినవారు’ అని శీర్షిక పెట్టి 11 పేర్లు ఇచ్చాం. మంచి పని చేశామనే అనుకున్నాం. సభ రోజు ఆ 11 మందిలో వచ్చిన ఒక్క ఆవిడ పుస్తకం తెరిచి, ఆ పేజీ దగ్గర ఆగి, నాతో ఒక మాట అన్నది: “అన్నా, నేను మానలేదే, నన్ను మాన్పించిన్రు.”

ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. తొమ్మిదో తరగతిలో అర్ధ సంవత్సర పరీక్షల్లో ఆమెకు మాలో ఎవరికీ రానన్ని మార్కులు లెక్కల్లో వచ్చాయి. ఫిబ్రవరిలో ఆమెకు పెళ్లి చేశారు. పెళ్లికి మేము వెళ్లాం, అన్నం తిన్నాం, మరునాడు బడికి వచ్చి ఆమె కూర్చునే చోట పుస్తకాల సంచులు పెట్టుకున్నాం. ఇన్నేళ్ల తర్వాత ఆ సంగతి రాసేటప్పుడు కూడా, పని చేసింది ఆమే అన్నట్టుగా క్రియ వాడాం.

కాబట్టి రాసేటప్పుడు క్రియలను జాగ్రత్తగా చూసుకోండి. ‘మానేశాడు’, ‘ఆపేసింది’, ‘చదువు అబ్బలేదు’ అనే మాటలు మన నోట అలవాటుగా దొర్లుతాయి. తండ్రి పోయి ఇల్లు నడపాల్సి వచ్చినవాడి విషయంలోనూ, బాకీ కింద పనికి పెట్టినవాడి విషయంలోనూ ఆ మాటలు అబద్ధాలే అవుతాయి. నిజంగా తనకు తానే మానుకున్నవారు ఉంటే వారినే అడిగి, వారు చెప్పినట్టే రాయండి.

సమాధానం 4: అంగన్‌వాడీ టీచరు, నంద్యాల ప్రాంతం

నేను మీ 18 మంది లాంటిదాన్ని. అందుకని రాస్తున్నాను.

1995లో ఎనిమిదో తరగతిలో ఉండగా నన్ను పత్తి విత్తనాల చేనికి పంపారు. ఆ పని తెలియనివారికి చెబుతాను. సాయంత్రం పూట మరునాడు విచ్చుకోబోయే మొగ్గలను గుర్తుపట్టి, పైరేకులు ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులను గోటితో గీరి తీసేయాలి. పొద్దున్నే మగ చెట్ల పూలు కోసుకొచ్చి వాటి పుప్పొడిని ఆ మొగ్గలకు అద్దాలి. క్రాసింగు అనేవారు. చెట్టు ఆడపిల్లల ఎత్తే ఉంటుంది, వేళ్లు సన్నగా ఉంటాయి, కూలి తక్కువ ఇస్తే సరిపోతుందని మమ్మల్నే పెట్టుకునేవారు. మొదటి సంవత్సరం, సీజను అయిపోగానే మళ్లీ బడికి వెళతాననే అనుకున్నాను. పుస్తకాలు చుట్టి దూలం మీద పెట్టాను. సీజను అయ్యేసరికి సంక్రాంతి దాటింది, నా పేరు కొట్టేశారని మా బెంచీ పిల్ల వచ్చి చెప్పింది.

మా బ్యాచ్ వాళ్లు రెండేళ్ల క్రితం కలుసుకున్నారు. ఫోను స్టేటస్‌లో ఫోటోలు చూసి తెలుసుకున్నాను. నేను నొచ్చుకుంటానని పిలవలేదట. మీ స్నేహితులూ అదే మాట అంటున్నారు కాబట్టి చెబుతున్నాను: పిలిస్తే ఏమయ్యేదో నాకు తెలియదు, పిలవనందుకు మాత్రం నొచ్చుకున్నాను. ఆరు, ఏడు తరగతులు, ఎనిమిదిలో కొన్ని నెలలు నేను కూడా అక్కడే ఉన్నాను. ఏడో తరగతి కామన్ పరీక్షలకు మేమంతా ఒకే ట్రాక్టరులో వెళ్లాం. తెలుగు మాస్టారు పద్యం అప్పచెప్పమంటే, నాకంటే ముందు కూర్చున్నవాళ్లు తడబడితే వెనక నుంచి అందించింది నేనే. శ్రీకాకుళం అన్నయ్య గారు ఆ పేజీ పరాయిదిగా తోస్తుందన్నారు. పదో తరగతి పేజీ నాకు పరాయిదే, ఒప్పుకుంటాను. ఏడో తరగతి పేజీలో నేను లేకపోతే మాత్రం ఆ పేజీ తప్పు అవుతుంది.

నేను 2010లో ఓపెన్ స్కూల్ ద్వారా పది పాసయ్యాను. ఆ సర్టిఫికెట్‌తోనే ఈ ఉద్యోగం వచ్చింది. మీ 18 మందికి ఫోను చేసినప్పుడు, చదువు ఎందుకు ఆగిందని మొదటే అడగకండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ మేము అలసిపోయాం. బడిలో మీకు ఏం గుర్తుందని అడగండి. చదవడం, రాయడం కష్టమైనవారు ఉంటే వారు చెప్పింది రికార్డు చేసి, వారి మాటల్లోనే వేయండి. చందా అడగాలంటే అందరినీ ఒకేలా అడగండి. మా నుంచి వద్దంటే అదీ చిన్నతనంగా ఉంటుంది.

పలకల సీమ (ప్రశ్న అడిగినవారు), ఆరు వారాల తర్వాత

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. అమ్మా, నంద్యాల నుంచి మీరు రాసింది మా 13 మంది గ్రూపులో ఉన్నది ఉన్నట్టుగా పెట్టాను. అప్పటి వరకు వద్దన్నవారిలో ముగ్గురు ఆ రాత్రే ఫోను చేశారు.

మాస్టారు గారు చెప్పినట్టు అర్జీ ఇచ్చాం. ప్రధానోపాధ్యాయులు తన గదిలోనే కూర్చోబెట్టి, పేర్ల గడి తప్ప మిగిలినవి కాగితంతో కప్పి చూపించారు. మేము 31 మందిమి అని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాం. రిజిస్టరులో 33 పేర్లు ఉన్నాయి. ఇద్దరిని లెక్కలోంచే మరిచిపోయాం. ఒకమ్మాయి ముఖం, పేరు చదవగానే గుర్తుకు వచ్చింది. ఆరో తరగతి త్రైమాసిక పరీక్షల నాటికే వాళ్లు కుటుంబంతో వలస వెళ్లారు. రెండో పేరు చదివినా మాలో ఎవరికీ ఏదీ గుర్తుకు రాలేదు.

సంచికను తరగతుల వారీగా విడదీశాం. ఆరో తరగతి భాగంలో 33 మందీ ఉంటారు, పదో తరగతి భాగంలో 13 మంది ఉంటారు. ఎవరు ఏ తరగతి దాకా కలిసి ఉన్నారో ఆ భాగం దాకా వారి మాటలు వస్తాయి. శ్రీకాకుళం మిత్రుల అభ్యంతరానికీ అందులో చోటు దొరికింది. పరీక్షల రోజుల కథనం పూర్తిగా 13 మందే రాస్తున్నారు. ‘మానేసినవారు’ అనే మాట పుస్తకంలో ఎక్కడా లేదు. నా మొదటి ప్రశ్నలో ‘ఆగిపోయారు’ అని నేనే రాశాను. హనుమకొండ మిత్రుల సమాధానం చదివిన తర్వాత దాన్ని మళ్లీ చూసుకుని చాలాసేపు బాధపడ్డాను.

మాట్లాడగలిగింది ఇప్పటికి పది మందితో. నలుగురు ఇక లేరు. వారిలో ఇద్దరి ఇళ్లకు వెళ్లి వారి పిల్లలకు విషయం చెప్పి వచ్చాం. 18వ నంబరు అబ్బాయి మార్కాపురంలోనే ఉన్నాడు. రాతి పలకలకు గిరాకీ తగ్గిన తర్వాత, గోడలకూ నేలకూ వేసే పలకరాయి కోసే చోట పనికి మారాడట. 1988లో జాతీయ బాల కార్మిక ప్రాజెక్టు మొదలైనప్పుడు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా అందులో ఉందని, పని చేసే పిల్లల కోసం ప్రత్యేక బడులు పెట్టారని నేను చదివి ఉన్నాను; అటువంటి బడికి వెళ్లావా అని అడిగాను. వెళ్లలేదని, అలాంటి బడి ఉందని అప్పట్లో తనకు ఎవరూ చెప్పలేదని అన్నాడు. శిలల పాఠం రోజు గుర్తుందా అంటే, గుర్తుందన్నాడు. అయితే అతనికి గుర్తున్నది రాయి విడిపోవడం కాదు. వృత్తలేఖిని మొన వంగిపోయిందనీ, అది నాదనీ, ఇంట్లో తిడతారని నేను సాయంత్రం దాకా ఏడ్చాననీ, మరుసటి ఆదివారం కూలి డబ్బుల్లోంచి కొత్తది కొని నా సంచిలో పెట్టాడనీ చెప్పాడు. నాకు అదేదీ గుర్తులేదు. అతను చెప్పింది చెప్పినట్టే ఎనిమిదో తరగతి భాగంలో వేస్తున్నాను. నా జ్ఞాపకాన్ని దాని కింద పెట్టాను.

ఇంకా నలుగురి ఆచూకీ తెలియాలి, ఎవరికీ గుర్తులేని ఆ ఒక్క పేరుతో కలిపి. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు సభ్యులు ఎవరైనా ఉంటే నాకు విడిగా సందేశం పంపండి, పేర్లు ఇక్కడ బహిరంగంగా పెట్టను. ఏప్రిల్ చివరి దాకా అచ్చు ఆపగలం. అప్పటికీ దొరకకపోతే వారి పేర్ల కింద అర పేజీ చొప్పున తెల్లగా వదిలి, వారి కోసం పది ప్రతులు పక్కన ఉంచుతాం.